కుంచం ఎవరి చేతిలో ఉంది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేమూ అందరిలాగే జ్ఞాపకాలు రాద్దామనుకున్నాం. ట్రంకు పెట్టెలు, తెల్లవారుజామున బోరింగు దగ్గర బకెట్ల వరస, ఆదివారం గుడ్డు కోసం ఎదురుచూపులు, స్టడీ అవర్‌లో కునికిపాట్లు, వార్డెన్ గారి చెప్పుల చప్పుడు వినగానే తెరుచుకునే పుస్తకాలు - వీటిని గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మాకంటే బాగా రాస్తున్నారు. అందుకని ఈసారి జ్ఞాపకాలను పక్కన పెట్టి ఒక అభిప్రాయం రాస్తున్నాం. చూడటానికి సైన్సు పాఠంలా ఉంటుంది. చివరిదాకా చదివితే అది మన ఇళ్ళ సంగతేనని మీకే తెలుస్తుంది.

కిందటిసారి పూర్వ విద్యార్థుల సమావేశంలో, ఖర్చులు పోను మిగిలిన చందా సొమ్ముతో హాస్టల్‌కి ఏం కొనాలన్న చర్చ వచ్చింది. రెండు ప్రతిపాదనలు నిలిచాయి. మొదటిది, పోలీసులు రోడ్డు మీద వాడే ఊదుడు యంత్రం ఒకటి కొందామని. ఆదివారాలు పిల్లల్ని చూడటానికి వచ్చే తండ్రుల్లో కొందరు తాగి వస్తున్నారు, గేటు దగ్గరే ఊదించి, తాగినవాళ్ళని వెనక్కి పంపేద్దామని దాని ఉద్దేశం. రెండోది, ఒక గ్లూకోమీటరు, దానికి కావలసిన పట్టీలు, తీపిని చూసే చేతి రిఫ్రాక్టోమీటరు ఒకటి, చిన్న ప్రయోగాల పెట్టె ఒకటి కొందామని. మొదటి ప్రతిపాదనకే ఎక్కువ చేతులు లేచాయి. నిర్ణయం మాత్రం ఈ ఏటికి వాయిదా పడింది. మేము రెండో ప్రతిపాదన వైపు ఉన్నాం. ఎందుకో చెప్పుకోవడానికే ఈ నాలుగు పేజీలు.

కొలిచేవాడూ, కొలిపించుకునేవాడూ

మన తాతలు చాలామంది ఈ డెల్టాలో వ్యవసాయ కూలీలు. కోతలప్పుడు, నూర్పుళ్ళప్పుడు కూలి ధాన్యం రూపంలో కళ్ళంలోనే కొలిచి ఇచ్చేవారు. కుంచం, అడ్డ, మానిక, తవ్వ, సోల, గిద్ద - ఈ మాటలు ఇప్పటి పిల్లలకు పద్యాల్లో తప్ప వినపడవు గానీ మన తాతలకు అవే జీతపు రాళ్ళు. కుంచం ఎప్పుడూ ఇచ్చేవాడి ఇంట్లోనే ఉండేది. అది నిండుగా ఉందా, పైన చేత్తో తుడిచేశారా, అడుగు సొట్టపోయిందా అని అడిగే ధైర్యం పట్టుకెళ్ళేవాడికి ఉండేది కాదు. ఇంటికి తెచ్చుకున్నాక మళ్ళీ కొలుచుకుందామన్నా ఇంట్లో కుంచం ఉండదు. అమ్మమ్మలు దోసిళ్ళతో లెక్క చూసుకునేవారు.

కుంచాలు పోయాయి. కాటాలు వచ్చాయి, కాటాల మీద తూనికలు కొలతల శాఖ ముద్రలు వచ్చాయి, 2009లో కొత్త చట్టమే వచ్చింది. మరి కొలిచేవాడు ఒకవైపు, కొలిపించుకునేవాడు ఇంకోవైపు ఉండటం పోయిందా? పోలేదు.

చెరుకునే తీసుకోండి. చెల్లూరు ఫ్యాక్టరీకి బారులు తీరిన చెరుకు బళ్ళ వెనక పరిగెత్తి గెడ లాక్కున్న రోజులు మాలో చాలామందికి గుర్తున్నాయి. చెరుకుకి కేంద్రప్రభుత్వం ప్రకటించే ధర బరువుని బట్టి మాత్రమే కాదు, చక్కెర దిగుబడి శాతాన్ని బట్టి కూడా ఉంటుంది. 2025-26 సీజనుకి 10.25 శాతం దిగుబడికి క్వింటాలుకి 355 రూపాయలు. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3 రూపాయల 46 పైసలు కలుస్తాయి. బరువైతే కాటా మీద రైతు కంటికి కనపడుతుంది. చక్కెర శాతం తేలేది మాత్రం ఫ్యాక్టరీ లెక్కల్లో, ఫ్యాక్టరీ ప్రయోగశాలలో. ఆ లెక్క తప్పని మేము అనడం లేదు. తప్పో ఒప్పో చూసుకునే సాధనం రైతు చేతిలో లేదంటున్నాం. కౌలు రైతు సంగతి, నరికే కూలీ సంగతి ఇక చెప్పేదేముంది!

ఆసుపత్రిలోనూ అంతే. షుగరు ఎంతుందో వాళ్ళు చెప్తారు, మనం తలూపుతాం. రోడ్డు మీదా అంతే. ఊదమంటారు, ఊదుతాం, అంకె వాళ్ళు చదువుతారు. చీటీ మీద అంకె ఉంటుంది గానీ ఆ అంకె ఎలా పుట్టిందో మనకు తెలియదు.

తాళం ఒకటి, చెవి ఒకటి

ఆ అంకె ఎలా పుడుతుందో ఇప్పుడు చూద్దాం. పదో తరగతి తమ్ముళ్ళకి ఇది కష్టమేమీ కాదు.

మనం తిన్న అన్నం అరగడానికి ఎంజైములు కావాలని పాఠంలో చదువుకున్నారు. లాలాజలంలో ఎమైలేజు ఉంటుంది, అన్నం మెతుకుని కాసేపు నమిలితే తియ్యబడుతుంది. ఒక్కొక్క ఎంజైము దాదాపు ఒక్క పదార్థాన్నే పట్టుకుంటుంది. 1894లో జర్మనీ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ దీన్ని తాళంతో, తాళంచెవితో పోల్చాడు. మన గది తాళం పక్క గది చెవితో రాదు గదా, అలాగే.

పాతకాలపు వైద్యులు మూత్రంలోని తీపిని గమనించే ఆ జబ్బుకి మధుమేహం అని పేరు పెట్టారు. తరవాత బెనెడిక్ట్ ద్రావణం వచ్చింది. పరీక్ష నాళికలో మూత్రం కలిపి వేడిచేస్తే నీలం రంగు పచ్చబడి, పసుపై, ఇటుక రంగుకి తిరుగుతుంది. కానీ అది గ్లూకోజునే కాదు, ఇంకా కొన్ని చక్కెరల్నీ, వేరే పదార్థాల్నీ కూడా పట్టుకుంటుంది. గుంపులోంచి ఒక్కడినే గుర్తుపట్టాలంటే ఎంజైమే కావాలి.

అమెరికాలో లీలాండ్ క్లార్క్ అనే ఆయన 1956లో రక్తంలో ప్రాణవాయువుని కొలిచే ఎలక్ట్రోడుని ప్రకటించాడు. 1962లో ఆయనా, ఛాంప్ లయన్సూ కలిసి, ఆ ఎలక్ట్రోడు కొన మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముని పల్చని పొర మధ్య బంధించి చూడవచ్చని చెప్పారు. గ్లూకోజు ఆ ఎంజైముని తాకగానే ప్రాణవాయువుతో కలిసి మారిపోతుంది, హైడ్రోజన్ పెరాక్సైడు పుడుతుంది. ప్రాణవాయువు ఎంత తగ్గిందో చూసినా, పెరాక్సైడు ఎంత పుట్టిందో చూసినా గ్లూకోజు ఎంతుందో తెలిసిపోతుంది. పెరాక్సైడు ప్లాటినం తీగ మీద విద్యుత్తుని ఇస్తుంది. గ్లూకోజు ఎక్కువైతే విద్యుత్తు ఎక్కువ, తక్కువైతే తక్కువ. అంటే తీపి కరెంటుగా మారింది, కరెంటు అంకెగా మారింది. దీన్నే బయోసెన్సర్ అంటున్నారు. జీవపదార్థం గుర్తుపడుతుంది, యంత్రం లెక్కపెడుతుంది.

ఈ సూత్రం మీద తయారైన ప్రయోగశాల యంత్రం 1975లో మార్కెట్లోకి వచ్చింది. 1984లో ఇంగ్లండులో ఫెరోసీన్ అనే ఇనుప సమ్మేళనాన్ని మధ్యవర్తిగా పెట్టి, ప్రాణవాయువు అవసరం లేకుండానే ఎంజైము నుంచి ఎలక్ట్రాన్లను తీగకి చేర్చే పద్ధతి ప్రకటించారు. దాంతో బల్లంత యంత్రం 1987 నాటికి పెన్నంత అయ్యింది. ఇప్పుడు మందుల షాపులో దొరికే గ్లూకోమీటరు ఆ వంశంలోదే. పట్టీ కొన మీద ఎంజైము ఎండి ఉంటుంది, రక్తపు చుక్క తగలగానే పని మొదలుపెడుతుంది. ఇంకో విశేషం, ఆ ఎంజైముని ఎక్కువగా తీసేది ఆస్పర్జిల్లస్ నైజర్ అనే నల్లబూజు నుంచి. ముక్కిపోయిన ఉల్లిపాయ మీద నల్లగా పొడిలా కనపడేది కూడా దాని బంధుకోటిలోదే.

సారాయికీ ఇలాంటి ఎంజైములే ఉన్నాయి. ఒకటి ఆల్కహాల్ ఆక్సిడేజ్, కొన్ని రకాల ఈస్టుల నుంచి తీస్తారు. ఇంకొకటి ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్. ఇది మన కాలేయంలోనూ ఉంది, ఈస్టులోనూ ఉంది. వీటిని ఎలక్ట్రోడు మీద కూర్చోబెడితే పానీయంలో, రక్తంలో, లాలాజలంలో ఆల్కహాలు ఎంతుందో చెప్తాయి. రోడ్డు మీద పోలీసులు వాడే యంత్రం మాత్రం ఎంజైముది కాదు. దాన్లో ప్లాటినం ఉన్న ఫ్యూయెల్ సెల్ ఉంటుంది. ఆల్కహాలుని విద్యుత్తుగా మార్చడమనే సూత్రం అటూ ఇటూ ఒక్కటే.

తాటిచెట్టు కింద ప్రయోగశాల

చక్కెర ఒకచోట, సారాయి ఒకచోట అని పుస్తకాలు విడివిడిగా చెప్తాయి. మన ప్రాంతంలో అవి రెండూ ఒకే లొట్టిలో ఉంటాయి. సామర్లకోటలో బ్రిటిష్ వాళ్ళ కాలంలో పెట్టిన కంపెనీ పేరే ది డెక్కన్ సుగర్ అండ్ అబ్కారీ కంపెనీ. చక్కెరా, సారాయీ ఒకే బోర్డు మీద! ఎందుకంటే ఒకదాన్నుంచే ఇంకొకటి పుడుతుంది.

మనలో గీత కార్మికుల పిల్లలున్నారు. వాళ్ళకి మేము చెప్పక్కర్లేదు. సున్నం రాసిన లొట్టిలో పట్టి తెల్లవారకముందే దింపితే అది నీరా, తియ్యగా ఉంటుంది. సున్నం లేకుండా పట్టి ఎండెక్కేదాకా ఉంచితే అది కల్లు. సాయంత్రానికి పులుపెక్కుతుంది. మధ్యలో ఏం జరిగింది? ఈస్టూ, కొన్ని బాక్టీరియాలూ చక్కెరని తిని ఆల్కహాలునీ, బొగ్గుపులుసు వాయువునీ విడుదల చేశాయి. ఆ వాయువే లొట్టి మీద నురగ. లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజు పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఆల్కహాలూ, 88 గ్రాముల వాయువూ వస్తాయి. నూరు గ్రాముల నీరాలో 12 గ్రాముల చక్కెర ఉందనుకుంటే మహా అయితే సుమారు 6 గ్రాముల ఆల్కహాలు అవుతుంది. సున్నం ఎందుకు రాస్తారో మన తాతలకి తెలుసు. క్షారంలో ఆ జీవులు పెరగవు. వాళ్ళు ఎంజైమన్న మాట వినలేదు గానీ ఎంజైముని ఆపడం నేర్చుకున్నారు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన పరిశోధనా స్థానం తాటి మీదే పనిచేస్తోంది. ఈ డెల్టా పిల్లవాడు అక్కడ శాస్త్రవేత్త కావడానికి ఏమిటి అడ్డం?

ఒకసారి ఊహించుకోండి. ఒకే నీరా నమూనాని గంటకొకసారి రెండు సెన్సర్లతో చూస్తూ కాగితం మీద గీత గీస్తే, చక్కెర గీత దిగుతూ ఉంటుంది, ఆల్కహాలు గీత ఎక్కుతూ ఉంటుంది. రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటే చోట నిలబడి తన తండ్రి పనిలో ఎంత రసాయనశాస్త్రం ఉందో పిల్లవాడు చూస్తాడు. "మీ నాన్న ఏం చేస్తాడు" అని అడిగితే ఇకమీదట తల దించుకోడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంట్లో వాడే గ్లూకోమీటరుని తిన్నగా నీరాలో ముంచితే సరైన అంకె రాదు. అది రక్తానికని లెక్కగట్టిన యంత్రం. పైగా నీరాలో ఎక్కువగా ఉండేది గ్లూకోజు కాదు, సుక్రోజు. గ్లూకోజ్ ఆక్సిడేజుకి సుక్రోజు కనపడదు. ముందు ఇన్వర్టేజ్ అనే ఇంకో ఎంజైముతో సుక్రోజుని విరగ్గొట్టాలి, అప్పుడు దాన్లో ఉన్న గ్లూకోజు బయటపడుతుంది. యంత్రం చూపించని దాన్ని లేదనుకోకూడదన్న పాఠం పిల్లలకు ఇక్కడే మొదలవుతుంది.

చక్కెరకేళి చేసిన పని

ఇప్పుడు మాలో ఒకరి ఇంట్లో జరిగిన సంగతి. కొన్నేళ్ళ కిందట ఊళ్ళో ఒక ఉచిత వైద్యశిబిరం పెట్టారు. ఆ అమ్మ వరినాట్లకి వెళ్ళాల్సిన మనిషి, ఒక పూట కూలి మానుకుని వరసలో నిలబడింది. వేలు గుచ్చారు. అంకె 340. అక్కడ కూర్చున్న కుర్రాడు "బాగా ముదిరిపోయింది" అనేసి తరవాతి మనిషిని పిలిచాడు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. పిల్లల ఫీజుల కోసం దాచుకున్న డబ్బు మందులకి పోతుందని ఏడ్చింది. కొడుకు అప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మర్నాడు ఇంటికొచ్చి, "అమ్మా, నిన్న అక్కడికెళ్ళే ముందు ఏం చేశావు?" అని అడిగాడు. చంటిదానికి చక్కెరకేళి ఒలిచి పెట్టానంది. చేయి కడుక్కున్నావా అంటే, చీరకి తుడుచుకున్నానంది. సబ్బుతో చేతులు కడిగించి, ఆరబెట్టించి, తెలిసినవాళ్ళ మీటరుతో చూస్తే 118. తరవాత ప్రభుత్వాసుపత్రిలో చేతి నరం నుంచి రక్తం తీసి చేసిన పరీక్షలో కూడా షుగరు లేదనే తేలింది.

మీటరు అబద్ధం చెప్పలేదు. చుక్కలో ఉన్న గ్లూకోజు ఎంతో అంతే చెప్పింది. కాని ఆ గ్లూకోజు ఆమె రక్తంలోది కాదు, అరటిపండుది. ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. ఆరోగ్యంగా ఉన్న మనిషి లీటరు రక్తంలో ఉండే గ్లూకోజు సుమారు ఒక గ్రాము. ఒంట్లో ఉన్న అయిదు లీటర్లకీ కలిపి ఒక చెంచాడు. అలాంటప్పుడు వేలికి అంటుకున్న పండు గుజ్జు చుక్కని తారుమారు చేయడంలో ఆశ్చర్యమేముంది?

ఇంకో సంగతి. రక్తహీనత ఉన్నవాళ్ళలో చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఎర్రకణాలు తగ్గితే చుక్కలో నీటిభాగం పెరుగుతుంది, గ్లూకోజు ఎంజైముకి ఎక్కువగా అందుతుంది. రక్తహీనత ఎవరికుంటుందో మన అమ్మల్ని, అక్కల్ని చూస్తే తెలుస్తుంది. ఈ మీటర్లకి అంతర్జాతీయంగా 2013లో పెట్టిన ప్రమాణమే వందకి పైన ఉన్న అంకెల్లో 15 శాతం దాకా అటూ ఇటూ ఒప్పుకుంటుంది. 200 అని చూపిస్తే అది 175 కావచ్చు, 230 కావచ్చు. కొన్ని రకాల పట్టీల్లో వాడిన వేరే ఎంజైము, డయాలిసిస్ ద్రవం వల్ల ఒంట్లో చేరిన మాల్టోజుని కూడా గ్లూకోజుగా లెక్కపెట్టింది. ఎక్కువ చూపించిన అంకెను నమ్మి ఇన్సులిన్ ఇవ్వడంతో ప్రాణాలు పోయాయి. అలాంటి 13 మరణాల గురించి అమెరికా ఆహార ఔషధ సంస్థ 2009లో హెచ్చరిక ఇచ్చింది.

మన దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో చెప్పింది. షుగరు జబ్బు ఇప్పుడు మేడల్లో వాళ్ళదే కాదు, మన పేటల్లోకీ వచ్చింది. ఒక్క పట్టీ ఖరీదు ఒక కోడిగుడ్డు కంటే ఎక్కువ. ఆ పట్టీని ఎప్పుడు వాడాలి, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి అన్నది తెలిసిన మనిషి ఇంటికొకరు ఉండాలి. ఆ ఇంటికొకరు హాస్టల్లో చదువుతున్న పిల్లవాడో, పిల్లో కాకపోతే ఇంకెవరు?

గేటు దగ్గర ఊదించడం ఎందుకు వద్దంటున్నాం

ఇప్పుడు మొదటి ప్రతిపాదన. అది తెచ్చినవాళ్ళు మా అన్నదమ్ములే. వాళ్ళ బాధ మాకు తెలుసు. తాగి వచ్చిన నాన్న గేటు దగ్గర గట్టిగా మాట్లాడుతుంటే పక్క పిల్లలు నవ్వడం, ఆ పిల్లవాడు మరుగుదొడ్ల వెనక దాక్కోవడం - ఇది మాలో కొందరి బాల్యం కూడా. తాగుడు మన కుటుంబాలను ఎంత నాశనం చేసిందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు, 1993లో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ పోరాటంలో మన అమ్మలు, పిన్నమ్మలు కూడా ఉన్నారు.

అయినా ఆ యంత్రం వద్దంటున్నాం. మొదటి కారణం సైన్సుదే. ఆ యంత్రం లోపలి ఊపిరినే కాక నోట్లో మిగిలిన ఆల్కహాలుని కూడా చూస్తుంది. దారిలో ఒక్క గుక్క తాగి నోరు పుక్కిలించకుండా వచ్చినవాడికి మొదటి పావుగంటలో పెద్ద అంకె రావచ్చు. చట్టంలో ఉన్న 30 మిల్లీగ్రాముల హద్దు బండి నడిపేవాడికి పెట్టింది, నూరు మిల్లీలీటర్ల రక్తానికి. కొడుకుని చూడవచ్చిన తండ్రికి పెట్టింది కాదు. మన గేటు దగ్గర ఎంత హద్దు పెడతాం? ఎవరు పెడతారు? యంత్రాన్ని ఏడాదికొకసారి సరిచూసేదెవరు?

రెండో కారణం పెద్దది. గేటు దగ్గర ఊదేది తండ్రే గాని, సిగ్గుతో చచ్చిపోయేది కొడుకు. ఊదలేక వెనక్కి తిరిగిన తండ్రి మళ్ళీ ఆదివారం రాడు. మనం కొలవబోయేది అతని తాగుడు, పోగొట్టేది పిల్లవాడి ఆదివారం. తరతరాలుగా కుంచం మన నెత్తిన పెట్టి కొలిచారని బాధపడ్డవాళ్ళం, మొదటిసారి కుంచం మన చేతికి రాగానే మన తండ్రులనే కొలుద్దామా?

తాగి గొడవ చేసేవాళ్ళ సంగతి వార్డెన్ గారు, మనలో పెద్దవాళ్ళు కలిసి చూసుకోవచ్చు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "బాబాయ్, వచ్చే వారం తాగకుండా రా" అని చెయ్యి పట్టుకుని చెప్పవచ్చు. అది యంత్రం చేయలేని పని.

ఆల్కహాలు కొలత అక్కర్లేదని కాదు మేము అనేది. అది కావలసిన చోటు వేరే ఉంది. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెంలో వరసగా మనుషులు చనిపోయారు. నాటుసారా వల్లేనని ప్రతిపక్షం, సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం వాదించుకున్నాయి. చనిపోయినవాళ్ళు రెక్కాడితే గాని డొక్కాడని జనం. ఏ వాదన నిజమన్న చర్చలోకి మేము వెళ్ళడం లేదు. కాని కల్తీ సారాలో కళ్ళు పోగొట్టేదీ, ప్రాణం తీసేదీ చాలాసార్లు మిథనాలు. అది ఒంట్లోకి వెళ్ళి ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఆల్కహాల్ ఆక్సిడేజ్ మిథనాలుని కూడా బాగా పట్టుకుంటుంది. ఈస్టు నుంచి తీసిన డీహైడ్రోజినేజ్ మాత్రం మామూలు ఆల్కహాలునే పట్టుకుంటుంది, మిథనాలుని దాదాపు పట్టించుకోదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే నమూనాని చూస్తే తేడా తెలుస్తుందని సూత్రం చెప్తోంది. అలాంటి చవక పట్టీ ఒకటి, సీసాలో ఉన్నది విషమో కాదో ముందే చెప్పేది, పేటల్లో దొరకాలి. ఎవరు తయారుచేస్తారు? మిథనాలు ఎవరింట్లో మనిషిని తీసుకుపోయిందో ఆ ఇంటి పిల్లలకే ఆ పట్టీ మీద ఎక్కువ పట్టుదల ఉంటుందని మా నమ్మకం.

ముందు బాత్‌రూములు కదా అనేవాళ్ళకి

ముందు కుళాయిలు, బాత్‌రూములు, దుప్పట్లు చూడండి, సెన్సర్లెందుకు అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. కుళాయిలూ, దుప్పట్లూ ప్రభుత్వం ఇవ్వాల్సినవి. వాటి కోసం అర్జీలు పెడదాం, అడుగుదాం, అడుగుతూనే ఉందాం. చందా సొమ్ముతో వాటిని మనమే కొనేస్తే రేపు అడిగే హక్కు కూడా పోతుంది. చందా సొమ్ము ప్రభుత్వం ఇవ్వనిదానికి వాడాలి.

మీటరు చేతికొస్తే పిల్లలు డాక్టర్లైపోరు కదా అని ఇంకో మాట. కాకూడదనే మేమూ అంటున్నాం. జబ్బు ఉందో లేదో తేల్చేది ప్రయోగశాల పరీక్ష, వైద్యం చేసేది డాక్టరు. సూది గుచ్చే పని పిల్లలు ఒకరికొకరు చేసుకోకూడదు. నర్సమ్మ గారో, తర్ఫీదు ఉన్న పెద్దవాళ్ళో ఉన్నప్పుడే చేయాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడకూడదు. పిల్లల పని చూడటం, రాసుకోవడం, ఎందుకని అడగడం.

1924లో డాక్టర్ అంబేద్కర్ బహిష్కృత హితకారిణి సభ స్థాపించినప్పుడు దాని ఆశయాల్లో హాస్టళ్ళు పెట్టడం ఒకటి. మరుసటి ఏడు 1925లో షోలాపూరులో ఆ సభ హాస్టల్ తెరిచింది. అదే 1925లో మన గోదావరి జిల్లాల బిడ్డ, భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదువుకున్న ఎల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఫిస్కే అనే గురువుతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరసుని రంగుని బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించాడు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కినవాడు, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసినవాడు. ఆయన పద్ధతి తరవాత వేలాది ప్రయోగశాలల్లో వాడారు. ఆ కొలత చేతికొచ్చాకే కండరాల్లో శక్తిని దాచుకునే పదార్థాలేమిటో ఆయన కనిపెట్టగలిగాడు. ముందు కొలత, ఆ తరవాతే కనుగోలు. షోలాపూరు హాస్టలూ, సుబ్బారావు కొలతా ఒకే ఏడాదివి కావడం కాకతాళీయమే. అయినా ఆ రెండూ కలిసిన చోటు మన హాస్టల్ కావాలని మాకు ఆశ.

మా మనవి

కమిటీ వారికి మా మనవి ఇంతే. ఆ సొమ్ముతో ఒక గ్లూకోమీటరు, ఏడాదికి సరిపడా పట్టీలు, సూదులు, ఒక చేతి రిఫ్రాక్టోమీటరు, ఈస్టు, పరీక్ష నాళికలు, ఒక నోటుపుస్తకం కొనండి. నెలకొక శనివారం స్టడీ అవర్ సైన్సుకి ఇవ్వండి. మేము వంతులవారీగా వస్తాం, మా బస్సు చార్జీలు మావే. చెరుకురసం, బెల్లపు నీళ్ళు, నీరా, పులిసిన గంజి - మన వంటింట్లో, మన పొలాల్లో దొరికేవన్నీ పరీక్షిద్దాం. నోటుపుస్తకంలో మాత్రం ఒక నియమం. ప్రతి అంకె పక్కనా, అది ఎందుకు తప్పు కావచ్చో ఒక వాక్యం రాయాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో ఎవరికైనా లెక్కలంటే ఇష్టముంటే ఎలక్ట్రానిక్స్, జీవశాస్త్రమంటే ఇష్టముంటే బయోకెమిస్ట్రీ తీసుకోండి. ఆ రెండూ కలిసే చోటే ఈ సెన్సర్లు ఉన్నాయి. ఫారం ఎలా నింపాలో, ఏ ప్రవేశపరీక్ష రాయాలో మమ్మల్ని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మాకు చెప్పేవాళ్ళు లేక పోగొట్టుకున్న ఏళ్ళు మీరు పోగొట్టుకోకూడదు.

మన అమ్మమ్మలు కళ్ళం నుంచి తెచ్చుకున్న గింజల్ని ఇంట్లో దోసిళ్ళతో కొలుచుకున్నారు. తక్కువైందని తెలిసినా, ఎంత తక్కువైందో చెప్పే అంకె వాళ్ళ దగ్గర లేదు. ఆ అంకె మీ దగ్గర ఉండాలి. వచ్చే వార్షికోత్సవం నాటికి ఆ నోటుపుస్తకంలో మీ చేతిరాత చూడాలని ఎదురుచూస్తూ,

మీ పూర్వ విద్యార్థులం,
రామచంద్రపురం.